ఎపిథీలియం: పేరు చదివితే పని తెలిసే పొర

యూరిన్ రిపోర్టు చేతికి రాగానే చాలామంది కళ్లు రెండు చోట్ల ఆగుతాయి. ఒకటి ‘పస్ సెల్స్’. రెండోది దాని కిందనే ఉండే ‘ఎపిథీలియల్ సెల్స్ 4–6’. చీము కణాలంటే ఎంతో కొంత తెలుసు, ఈ రెండోది ఏమిటో ఎవరూ చెప్పరు. దిల్‌సుఖ్‌నగర్‌లో ల్యాబు మెట్లు దిగుతూనే ఫోన్లో వెతికితే ఏవేవో క్యాన్సర్ పేజీలు తెరుచుకుంటాయి, ఆ రాత్రికి నిద్ర ఉండదు. ఎండోస్కోపీ కాగితంలో ‘కాలమ్నర్ ఎపిథీలియం’, పాప్ స్మియర్‌లో ‘స్క్వేమస్ సెల్స్’, నోటిపుండు బయాప్సీలో ‘స్క్వేమస్ సెల్ కార్సినోమా’ కనబడ్డా ఇదే పరిస్థితి.

ఇవన్నీ ఒకే కణజాలానికి చెందిన మాటలు. బడి పుస్తకాల్లో దాని పేరు ఉపకళా కణజాలం. రకాల పేర్లు పరీక్ష కోసం బట్టీ పట్టినవాళ్లే మనలో ఎక్కువ. ఆ పేర్లు ఎందుకలా పెట్టారో తెలిస్తే మాత్రం రిపోర్టులో సగం దానంతటదే విడిపోతుంది.

ఒంటికీ బయటికీ మధ్య హద్దు

ఎపిథీలియం అంటే సందు లేకుండా పక్కపక్కనే అతుక్కున్న కణాల పొర. దాని ఒక ముఖం గాలికో, ఆహారానికో, మూత్రానికో ఎదురుగా తెరిచి ఉంటుంది. రెండో ముఖం ఆధారత్వచం అనే పలచని పునాది మీద ఆనుకుని ఉంటుంది. చర్మం పైభాగం, నోటి లోపలి గోడ, అన్నవాహిక, పేగులు, ఊపిరితిత్తుల గాలిగదులు, మూత్రపిండాల గొట్టాలు, చెమట గ్రంథులు, లాలాజల గ్రంథులు అన్నిటిలోనూ పని చేసేది ఈ కణజాలమే.

తిన్న అన్నం పేగులో ఉన్నంతసేపూ నిజానికి ఒంటి బయట ఉన్నట్టే లెక్క. నోటి నుంచి మలద్వారం దాకా అదొక సొరంగం. ఆ సొరంగం గోడను దాటినప్పుడే తిన్నది ఒంటబడుతుంది. ఏది దాటాలి, ఏది ఆగిపోవాలి అన్నది తేల్చేది ఆ గోడ మీదున్న ఎపిథీలియం.

హద్దు నిలవాలంటే కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవాలి. పై అంచున టైట్ జంక్షన్లు దగ్గర దగ్గరగా వేసిన కుట్టులా సందులు మూస్తాయి. వాటి కింద డెస్మోసోములు ప్రెస్ బటన్లలా కణాన్ని కణానికి బిగిస్తాయి. అడుగున హెమీడెస్మోసోములు కణాన్ని పునాదికి కట్టిపడేస్తాయి. ఏ బందం తెగిందో బట్టి రోగం రూపం మారుతుంది. పెంఫిగస్ వల్గారిస్ అనే జబ్బులో ఒంటిలోని యాంటీబాడీలే డెస్మోసోముల మీద దాడి చేస్తాయి. అప్పుడు కణానికీ కణానికీ పట్టు పోయి బొబ్బ పొర మధ్యలోనే లేస్తుంది. పైకప్పు పలచగా ఉంటుంది కాబట్టి చెయ్యి తగిలితే చితికిపోతుంది. బుల్లస్ పెంఫిగాయిడ్‌లో దాడి హెమీడెస్మోసోముల మీద జరుగుతుంది. పొర మొత్తం పునాది నుంచి పైకి లేస్తుంది కనుక బొబ్బ బిగుతుగా, రోజుల తరబడి పగలకుండా నిలుస్తుంది. చర్మవైద్యులు బొబ్బను చూసి, తాకి సగం నిర్ధారణకు వచ్చేది ఈ తేడాతోనే. మిగతా సగం బయాప్సీ తేలుస్తుంది.

ఎపిథీలియంలో రక్తనాళాలు ఉండవు. పునాది కింద ఉన్న నాళాల నుంచి ఊరి వచ్చే పోషకాలతోనే అది బతుకుతుంది. కాగితం అంచు వేలిని కోసినప్పుడు ఒక్కోసారి మంట పుడుతుంది కానీ రక్తం రాదు. నరాల కొసలు ఈ పొరలోకి వస్తాయి, నాళాలు రావు, కోత ఆ పొర దాటలేదు. బయాప్సీ రిపోర్టులో ‘కార్సినోమా ఇన్ సిటు’ అన్న మాటకు ఉన్న విలువ కూడా ఇక్కడి నుంచే వచ్చింది. కణాలు క్యాన్సర్ రూపు దాల్చాయి కానీ ఆధారత్వచాన్ని ఇంకా ఛేదించలేదని దాని అర్థం. ఎపిథీలియంలో రక్తనాళం లేదు, లింఫు నాళం లేదు. కాబట్టి పునాది తెగేదాకా ఆ కణాలు వేరే అవయవానికి చేరే దారి లేదు. రిపోర్టులో ‘ఇన్వేసివ్’ అని ఉంటే పునాది తెగిందన్నమాట. రెండిటికీ వైద్యం, ఫలితం చాలా వేరుగా ఉంటాయి.

పేరును విడదీయడం

ఎపిథీలియం పేరులో సాధారణంగా రెండు మాటలుంటాయి, మూడోది ఉంటే ఉంటుంది. కణాలు ఎన్ని వరుసలున్నాయో మొదటి మాట చెబుతుంది. ఒకే వరుసైతే సరళ ఉపకళ, అనేక వరుసలైతే స్తరిత ఉపకళ. కణం ఆకారాన్ని రెండో మాట చెబుతుంది. షాబాద్ బండల్లా పలచగా పరుచుకుంటే శల్కల లేదా స్క్వేమస్, పెట్టెలా ఎత్తూ వెడల్పూ సమానంగా ఉంటే ఘనాకార, స్తంభంలా నిలువుగా ఉంటే స్తంభాకార లేదా కాలమ్నర్. మూడో మాట పైముఖం మీద ఏముందో చెబుతుంది. కదిలే కేశాల్లాంటి శైలికలు, కదలని సూక్ష్మచూషకాలు, లేదా కెరటిన్ అనే గట్టి ప్రొటీను.

విద్యార్థులు ఎక్కువగా పొరబడేది అనేక వరుసల పొరకు పేరు పెట్టే దగ్గర. అక్కడ చూడాల్సింది అన్నిటికన్నా పై వరుస ఆకారాన్ని. చర్మంలో అడుగు వరుస కణాలు నిలువుగా, మధ్యవి గుండ్రంగా, పైవి పలచగా ఉంటాయి. అయినా పేరు స్తరిత శల్కల ఉపకళే.

ఒకే వరుస ఉన్నచోట రాకపోకలు

పొర పలచనైతే పదార్థాలు త్వరగా దాటుతాయి, త్వరగా చిరుగుతుంది కూడా. మందమైతే ఒరిపిడికి తట్టుకుంటుంది, ఏదీ సులువుగా దాటదు. ఏ అవయవానికి ఏది అవసరమో అదే అక్కడ ఉంటుంది.

ఊపిరితిత్తుల్లో సుమారు 48 కోట్ల గాలిగదులున్నాయి. వాటి గోడ సరళ శల్కల ఉపకళ. చాలాచోట్ల గాలికీ రక్తానికీ మధ్య దూరం ఒక మైక్రోమీటరు కూడా ఉండదు. వీటన్నిటినీ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్లు, అంటే 750 చదరపు అడుగుల ఫ్లాటంత. న్యుమోనియాలో ఈ గదులు ద్రవంతో నిండుతాయి. ఆక్సిజన్ దాటాల్సిన దూరం పెరిగి ఆయాసం మొదలవుతుంది.

మూత్రపిండాల గొట్టాల్లో పని వేరు. అక్కడ రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవం వడకడుతుంది. మనం ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు తొమ్మిదన్నమాట. చివరికి బయటికి పోయేది ఒకటి రెండు లీటర్లే. వడకట్టిన దానిలో మూడింట రెండు వంతులు, ఇంచుమించు ఆరు క్యాన్ల నీటిని, మొదటి మలుపుల గొట్టంలోని ఘనాకార కణాలే వెనక్కి లాగుతాయి. లాగడానికి శక్తి కావాలి, శక్తినిచ్చే మైటోకాండ్రియాలకు కణంలో చోటు కావాలి. శల్కల కణానికి అంత కడుపు లేదు, ఘనాకార కణానికి ఉంది.

చిన్నపేగు, ఓఆర్‌ఎస్ లెక్క

చిన్నపేగు గోడ సరళ స్తంభాకార ఉపకళ. ప్రతి కణం పైముఖం మీద వేల సూక్ష్మచూషకాలుంటాయి. ఈ పొర వైశాల్యం మీద చాలాకాలం ఒకే అంకె చలామణిలో ఉంది: 250 నుంచి 300 చదరపు మీటర్లు, టెన్నిస్ కోర్టంత. 2014లో స్వీడన్ పరిశోధకులు బతికున్నవారి కొలతలతో, మైక్రోస్కోపు లెక్కలతో మళ్లీ కట్టి చూస్తే చిన్నపేగుకు దాదాపు 30 చదరపు మీటర్లే తేలింది. పాత పుస్తకాల్లో ఇంకా టెన్నిస్ కోర్టే కనిపిస్తుంది, కొత్త లెక్కనే నమ్మడం మేలు.

ఈ పొర విలువ తెలియాలంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవాలి. ఆ పేరు పెట్టుకుని అమ్మే తీపి డ్రింకుల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అలాంటి డ్రింకుల లేబుళ్ల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ‘కాస్త తీపి ఎక్కువైతే ఏమవుతుంది?’ అని అప్పట్లో చాలామంది అడిగారు. జవాబు ఈ స్తంభాకార కణంలోనే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, మొత్తం 20.5 గ్రాములు. మోల్ లెక్కలో, అంటే అణువుల సంఖ్య ప్రకారం చూస్తే లీటరుకు గ్లూకోజ్ 75 మిల్లీమోల్స్, సోడియం కూడా 75. ఈ సమానత్వం కావాలని పెట్టింది. పేగు కణం పైముఖం మీద ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీను ఉంటుంది. అది గ్లూకోజ్‌నూ సోడియాన్నీ జంటగా మాత్రమే లోపలికి తీసుకుంటుంది. అవి లోపలికి వెళ్తే వాటి వెంట నీరు వెళ్తుంది. కలరా విషం ఇదే పొరలోని వేరే తలుపు తెరిచి ఉప్పునూ నీటినీ బయటికి పారబోస్తుంది కానీ ఈ జంట తలుపును మూయలేదు. ఓఆర్‌ఎస్ ప్రాణం నిలబెట్టేది ఆ సందు నుంచే.

ఇప్పుడు లీటరుకు 100 గ్రాముల పంచదార ఉన్న డ్రింకు తీసుకుందాం. పంచదారను పేగు కణం మీది ఎంజైము గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా రెండు ముక్కలు చేస్తుంది. అప్పుడు అది దాదాపు 585 మిల్లీమోల్స్ అవుతుంది. కరిగి ఉన్నవన్నీ కలిపి ఇదే లెక్కలో చూస్తే రక్తం గాఢత 290 దరిదాపుల్లో ఉంటుంది, ఓఆర్‌ఎస్‌ది 245. రక్తం కన్నా రెండింతలు చిక్కగా ఉన్న ద్రవం పేగులో ఉంటే నీరు రక్తం నుంచి పేగులోకే వస్తుంది. పైగా జంటకు సరిపడా సోడియం లేదు. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఒక లీటరు ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపినా ఇదే జరుగుతుంది. ఇళ్లల్లో తరచూ జరిగే పొరపాటు ఇది.

పేగు గోడ సన్నని వేళ్లలా పైకి పొడుచుకొచ్చి ఉంటుంది, వీటిని చూషకాలంటారు. రోటావైరస్ ఈ కణాల్లో చూషకాల కొసల మీదున్న వాటిని చంపుతుంది. పాలలోని లాక్టోజ్‌ను విరిచే ఎంజైము ఉండేది ఆ కణాల మీదే. అందుకే విరేచనాలు తగ్గాక కూడా కొందరు పిల్లలకు కొన్నాళ్లు పాలు పడవు. చూషకాల మొదట్లోని గుంటల్లో కొత్త కణాలను పుట్టించే మూలకణాలు బతికే ఉంటాయి. మామూలుగానే ఈ పొర నాలుగైదు రోజులకొకసారి కొత్తదవుతుంది, కాబట్టి పేగు త్వరగా కోలుకుంటుంది.

అనేక వరుసల్లా కనిపించే ఒకే వరుస

శ్వాసనాళం గోడను మైక్రోస్కోపులో చూస్తే కేంద్రకాలు ఎత్తుపల్లాలుగా, మూడు నాలుగు వరుసలున్నట్టు కనిపిస్తాయి. నిజానికి ప్రతి కణమూ ఆధారత్వచాన్ని తాకుతూనే ఉంటుంది, అన్నీ పైకి చేరవు అంతే. అందుకే దీనికి మిథ్యాస్తరిత ఉపకళ అని పేరు. పొడవు కణాల నెత్తిన ఒక్కోదానికి 200 వరకూ శైలికలుంటాయి. అవి సెకనుకు పది పదిహేను సార్లు కొట్టుకుంటూ దుమ్మునూ క్రిములనూ చుట్టుకున్న జిగురును గొంతు వైపు నెడతాయి. ఆ జిగురును గాబ్లెట్ కణాలు స్రవిస్తాయి.

పొగ ఈ శైలికలను ముందు మందగింపజేస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ రాలగొడుతుంది. చివరికి ఆ చోట స్తరిత శల్కల పొర మొలుస్తుంది. కొత్త పొర పొగ వేడికి తట్టుకుంటుంది కానీ జిగురును ఊడ్చలేదు. పొగతాగేవారికి పొద్దున్నే తెరలు తెరలుగా దగ్గు రావడానికి ఒక కారణం ఇదే. శైలికలు చేయలేని పనిని దగ్గు చేస్తోంది.

ఒరిపిడికి నిలిచే పొరలు

చర్మంలో అడుగు వరుస కణాలు విభజన చెంది పైకి జరుగుతూ కెరటిన్‌తో నిండి, కేంద్రకం పోగొట్టుకుని, చివరికి పొట్టుగా రాలిపోతాయి. ఈ ప్రయాణానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అరికాలిలో పొర ఒకటిన్నర మిల్లీమీటరు దాకా ఉంటే, కనురెప్ప మీద మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. బుగ్గ లోపల, అన్నవాహికలో, యోనిలో ఇదే పొర కెరటిన్ లేకుండా తడిగా ఉంటుంది. చిగుళ్లూ అంగిలీ నమలడానికి తట్టుకోవాలి కాబట్టి అక్కడ కెరటిన్ ఉంటుంది.

శ్రీకాకుళం తీరంలో చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని తాగే అలవాటును అడ్డపొగ అంటారు. ఆడవాళ్లలో ఎక్కువ. వేడీ పొగా నేరుగా గట్టి అంగిలికి తగిలి అక్కడి పొర తెల్లగా మందమెక్కుతుంది. మామూలుగా క్యాన్సర్ అరుదుగా వచ్చే అంగిలిలో అది ఆ ప్రాంతంలో ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

గుట్కా దారి వేరు. వక్క వల్ల పొర కింది భాగం నారలా బిగుసుకుంటుంది, పైన ఎపిథీలియం పలచబడుతుంది. మొదట కారం తగిలితే మంట, తర్వాత నోరు తెరుచుకోకపోవడం. మామూలుగా మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. రెండు వేళ్లు కష్టంగా పడుతున్నాయంటే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ బాగా ముదిరినట్టే. పలచబడ్డ ఆ పొరలోనే స్క్వేమస్ సెల్ కార్సినోమా పుట్టే ప్రమాదం ఎక్కువ.

సాగే పొర, మళ్లీ ఆ యూరిన్ రిపోర్టు

మూత్రాశయం ఖాళీగా ఉన్నప్పుడు దాని గోడలో ఐదారు వరుసలు కనిపిస్తాయి. 400 మిల్లీలీటర్లు నిండాక రెండు మూడే. పై వరుసలోని గొడుగు కణాలు గుండ్రం నుంచి పలచగా సాగి, మూత్రంలోని విషాలు లోపలికి ఊరకుండా కాపలా కాస్తాయి. దీనికి పరివర్తన ఉపకళ అని పేరు. దీన్ని నిజమైన స్తరిత పొర అనాలా, మిథ్యాస్తరితం అనాలా అనే వాదన ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు. గొడుగు కణాలకు కూడా పునాది దాకా సన్నని కాళ్లుంటాయని పాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాల ఆధారంగా కొందరు అన్నారు. ఇటీవలి పరిశీలనలు అలాంటి కాళ్లు లేవనే వైపు మొగ్గుతున్నాయి.

ఇక ఆ ‘ఎపిథీలియల్ సెల్స్ 4–6’. మైక్రోస్కోపులో 400 రెట్లు పెద్దది చేసి చూసిన ఒక్కో వృత్తంలో అన్ని కణాలు కనబడ్డాయని అర్థం. అవి మూడు చోట్ల నుంచి రావచ్చు. పెద్దగా, పలచగా ఉన్న స్క్వేమస్ కణాలైతే మూత్రం బయటికి వచ్చే దారి చివరి భాగానివి లేదా ఆడవారిలో యోనివి. రోజూ రాలే పొట్టు అది. ఎక్కువగా ఉంటే శాంపిల్ శుభ్రంగా పట్టలేదని సూచన. కడుక్కుని, మొదటి ధారను వదిలి మధ్య ధారను పడితే ఆ అంకె తగ్గుతుంది. పరివర్తన కణాలు కొద్దిగా కనిపించడం మామూలే. మూత్రపిండాల గొట్టాల ఘనాకార కణాలు కనిపిస్తే మాత్రం ఆ గొట్టాలకు దెబ్బ తగిలిందేమో చూడాలి. చాలా ల్యాబులు ఈ మూడింటినీ విడదీయకుండా ఒకే అంకె ఇస్తాయి. అయోమయమంతా అక్కడే పుడుతోంది. మిగతా అంశాలు మామూలుగా ఉంటే 4–6 ఒక్కటీ రోగాన్ని చెప్పదు.

గ్రంథులు కూడా ఇదే కణజాలం. పొర లోపలికి మడతపడి గొట్టం మిగిలితే చెమట, లాలాజల గ్రంథుల్లాంటివి, గొట్టం తెగిపోయి స్రావం రక్తంలోకి పోతే థైరాయిడ్ లాంటివి. క్యాన్సర్ పేరు ముందు ‘ఎడినో’ అని ఉంటే అది గ్రంథి ఉపకళ నుంచి పుట్టిందని అర్థం.

పొర చోటు మారితే: బారెట్స్ మీద రెండు అభిప్రాయాలు

ఏళ్ల తరబడి ఆమ్లం పైకి తన్నేవారిలో అన్నవాహిక కింది భాగపు స్తరిత శల్కల పొర పోయి స్తంభాకార పొర మొలుస్తుంది. దీన్ని మెటాప్లాసియా అంటారు, ఈ చోట జరిగితే బారెట్స్ ఈసోఫేగస్. స్తంభాకార పొర ఆమ్లానికి బాగా తట్టుకుంటుంది. ఆ లెక్కన ఇది శరీరం చేసుకున్న సర్దుబాటు. కానీ ఎడినోకార్సినోమా పుట్టేదీ ఆ కొత్త పొరలోనే.

ఎప్పుడు బారెట్స్ అనాలి? అమెరికా వైద్యులు కనీసం ఒక సెంటీమీటరు పొడవు మార్పుతో పాటు బయాప్సీలో గాబ్లెట్ కణాలు కనబడాలంటారు, అవి లేనివారిలో క్యాన్సర్ ప్రమాదం చాలా తక్కువని వారి వాదన. బ్రిటన్ వైద్యులు సెంటీమీటరు పొడవునా స్తంభాకార పొర ఉంటే చాలంటారు. ముక్కలు తక్కువ తీస్తే గాబ్లెట్ కణాలు దొరక్కపోవచ్చని వారి అభ్యంతరం. రెండిటిలోనూ న్యాయం ఉంది. అందుకే రెండు ఆసుపత్రుల్లో రెండు రకాల రిపోర్టులు వచ్చినప్పుడు ఎవరో తప్పు చేశారనుకునే ముందు ఎన్ని ముక్కలు తీశారో, ఏ నిర్వచనం వాడారో అడగడం మంచిది. కణాల్లో డిస్‌ప్లాసియా అనే వికృతి లేకపోతే ఏడాదిలో క్యాన్సర్‌గా మారేది వందమందిలో ఒకరికన్నా తక్కువ.

నల్లగుడ్డు మీది పొర

కంటి నల్లగుడ్డు మీదుండే కార్నియాపై ఐదు నుంచి ఏడు వరుసల కెరటిన్ లేని శల్కల పొర ఉంటుంది. మొత్తం మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. దానికి విత్తనం లాంటి మూలకణాలు నలుపూ తెలుపూ కలిసే అంచున, లింబస్‌లో ఉంటాయి. పాన్ సున్నం ప్యాకెట్ నొక్కి ఆడుకునే పిల్లల కంట్లో అది చిమ్మితే క్షారం కణాల కొవ్వు పొరలను కరిగించుకుంటూ లోతుకు దిగి ఆ అంచును కాలుస్తుంది. వెంటనే ఎంత ఎక్కువసేపు మంచినీళ్లతో కడిగితే అంత మేలు, ఆసుపత్రికి పరుగెత్తేది ఆ తర్వాతే. విత్తనం పోయాక పక్కనున్న తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదికి పాకుతుంది, చూపు మసకబారుతుంది. అప్పుడు మామూలు కార్నియా మార్పిడి చేసినా నిలవదు, మీద పొర కట్టే కణాలే లేవు కదా.

బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ 2001 నుంచి ఈ మూలకణాలను ల్యాబులో పెంచి అతికించడం మొదలుపెట్టింది. పెంచడానికి ప్రత్యేక ల్యాబూ, దాదాపు రెండు వారాల సమయమూ కావాలి. 2012లో అక్కడి వీరేందర్ సాంగ్వాన్ బృందం ఇంకా సులువైన పద్ధతి ప్రకటించింది. బాగున్న కంటి అంచు నుంచి 2 మిల్లీమీటర్ల చదరపు ముక్క తీసి, చిన్న చిన్న తునకలు చేసి, దెబ్బతిన్న కార్నియా మీద మాయపొర (కడుపులో బిడ్డను చుట్టి ఉండే పలచని పొర) పరిచి దానిపై జిగురుతో అంటిస్తారు. పైన కాంటాక్ట్ లెన్స్ పెడతారు. ల్యాబు చేసే పనిని ఆ కన్నే చేసుకుంటుంది. ఒక్కో తునక చుట్టూ కణాలు వ్యాపించి కొద్దివారాల్లో పొర కలిసిపోతుంది. రెండు కళ్లూ కాలినవారికి ఈ దారి లేదు. దగ్గరి బంధువు నుంచో, చనిపోయిన దాత నుంచో తీసుకోవాలి, ఆ కణాలను ఒళ్లు తిరస్కరించకుండా దీర్ఘకాలం మందులు వాడాలి.